బోణీ బేరంలో కొన్న ఎర్ర బల్బు

పదేళ్ల వయసుకే మెదక్ బజారులో బోణీ బేరమాడి సొంత కాకనే ఓడగొట్టిన ఘనత నాది; ఆ గెలుపుతోనే, పెంచుకున్న తొండను చేతులారా చంపుకున్నాను. మొన్న మా మనవరాలు తన పెంపుడు బల్లి ఉండే అద్దాలపెట్టెకు దీపం కొనబోతూ నన్ను తోడు తీసుకుపోయింది. ఆ దుకాణంలో వెలుగుకొక బల్బు, వేడికొక బల్బు, ఎంత వేడి ఉందో చూపే గడియారంలాంటిదొకటి. వేడెక్కిన ఇసుక వాసన ముక్కుకు తగలగానే నా ప్రాణం ఆ చలికాలానికి పోయింది.

మాది కిరాణా దుకాణం. చలికాలమంటే మాకు పెద్ద చర్చి దగ్గర క్రిస్మస్ పండుగ: ఎల్దుర్తి, నిజాంపేట దిక్కుల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చే జనం, పొద్దుగూకేదాకా నూనెలో వేగే మిర్చీల వాసన, బెల్లం, పల్లీలు జోకుతూ తూకం అరిచి అరిచి బొంగురుపోయే నాయిన గొంతు, బండ్ల చాటున మేమాడే దాగుడుమూతలు. ఆ ఏడు జనం తరలిపోయాక, పోరగాళ్లు రాళ్లతో కొట్టి కాలు విరగ్గొట్టిన తొండ ఒకటి కంచెలో దొరికింది. ముందు పక్క అద్దమున్న బిస్కెట్ల రేకు డబ్బాలో ఇసుక పోసి, తుమ్మపుల్ల నిలబెట్టి, దాన్ని అందులో పెట్టాను. ఎండలో పెడితే కళ్లు తిప్పేది, మిడతను అందుకునేది. చలి పడితే పుల్ల మీద తానూ ఒక పుల్లయ్యేది. వేడి చూపకపోతే బతకదని నాయిన అన్నాడు.

నివురు కప్పిన కుంపటి పక్కన పెట్టుకొమ్మంది అమ్మ. అది ఉత్త పుణ్యానికి వచ్చేది. బేరం లేని సరుకంటే నాకు చిన్నప్పటి నుంచీ చులకన. కిరసనాయిలు కందిలి పెట్టి చూస్తే అద్దం మసిబారింది. ఇక కరెంటు బల్బే గతి. నాయిన తమ్ముడు, మా కాక, పండుగలకు రంగు బల్బులమ్మే దుకాణం నడిపేవాడు. రోజూ మా ఇంటికొచ్చి, తొండకు మిడతలు తెచ్చి, నన్ను ఉడికించడానికి, అది నా మొగుడైనట్టు, దాన్ని 'అల్లుడా' అని పిలిచేవాడు.

మా బజారులో బోణీకి వచ్చినవాళ్లను వట్టి చేతులతో తిప్పి పంపరాదు. అది తెలిసే, కాక తాళం తీసేసరికి దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. రూపాయి బల్బును పావలాకడిగాను. కాక కాసేపు గొణిగి, లోపలికి పోయి ఎర్ర బల్బొకటి తెచ్చాడు. వేడి బాగుంటుందా అని మళ్లీ మళ్లీ అడిగాను.

"మస్తుంటది. ముట్టకు బిడ్డా, చెయ్యి కాల్తది."

ముట్టలేదు. డబ్బా నిండా కుంకుమ పోసినట్టు వెలుగు. తొండ కదలకపోతే వెచ్చగా నిద్రపోతోందని మురిసి, వీధి పిల్లలందరినీ పిలిచి, ఎవరూ బల్బు మీద చెయ్యి వేయకుండా కావలి కూడా కాశాను. చివరికి నాయిన వచ్చి, వెలుగుతున్న బల్బును పిడికిట్లో పట్టుకున్నాడు. చెయ్యి తీయలేదు. "ఇది జీరో బల్బే, సల్లగున్నది," అని, తొండను వేలితో కదిపి చూసి, అమ్మను పిలిచాడు. తొండ బిగుసుకుపోయి ఉంది.

ఏడ్చుకుంటూ కాక దగ్గరికి పోయాను. ఆయన సరుకు తుడుస్తూనే జవాబు చెప్పాడు.

"బోణీ అంటివి, పావలా అంటివి. పావలాకు ఎలుగొస్తది బిడ్డా, వేడి యాడికెళ్లి వస్తది?"

"మరి చెయ్యి కాల్తదంటివి?"

"గట్లనకపోతే కొంటవా?"

ఆనాటి నుంచి ఆయన్ని కాకా అని పిలవలేదు, సేటూ అన్నాను. మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత ఆ మాటకు తల వంచుకునేవాడు. అయినా నేను మానలేదు. ఆయన పోయేదాకా సేటే.

కాక దుకాణం ఉన్న చోట ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణం. సరుకు మీద ధర అచ్చయి ఉంటుంది. బోణీ అని అడిగితే కౌంటరు దగ్గరి పిల్ల వింతగా చూసింది. ఇక అసలు లెక్క. నా వైపు పోయింది పావలా, తొండ, కాక. ఆయన వైపు కూడా రాయాలి కదా: వచ్చింది పావలా, పోయింది సొంత అన్న బిడ్డ.