కోడలి ఫోన్‌లో కొత్తగూడ

అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. రక్తపరీక్షలు చేసే ఒక సంస్థ వెబ్‌సైట్ మా చేతిలో ఉండేది. పొద్దున్నే జనం రిపోర్టుల కోసం ఒక్కసారిగా మీదపడితే పేజీలు ఈడ్చుకుంటూ వచ్చేవి. ప్రతి మీటింగులోనూ అదే మాట: “స్లోగా ఉందండీ, ఏదో ఒకటి చెయ్యండి.”

వెతగ్గా వెతగ్గా ఒక సెట్టింగు కనిపించింది. ఎవరు పేజీ తెరిచినా సర్వర్ ఆ పేజీని తయారుచేసే స్క్రిప్టును మొదటినుంచీ చదివి, తనకు అర్థమయ్యే రూపంలోకి మార్చుకుని, అప్పుడు పని మొదలుపెడుతోంది. వెయ్యిమంది తెరిస్తే వెయ్యిసార్లు అదే తంతు. సర్వర్ ఆన్ అయ్యేటప్పుడే స్క్రిప్టులన్నిటినీ ఒకసారి మార్చి మెమరీలో పెట్టేసుకోమని చెప్పవచ్చట. దాన్ని ప్రీలోడ్ అంటారు. పెట్టాను. మర్నాడు పేజీలు టక్కున తెరుచుకున్నాయి. మా మేనేజరు నా సీటు దాకా వచ్చి మెచ్చుకుని వెళ్లారు. ఆ సెట్టింగు గురించి రాసిన పేజీని నేను సగమే చదివానన్న సంగతి ఆయనకు తెలియదు. నాకూ అప్పుడు గుర్తులేదు.

తర్వాతి వారం కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కనున్న వాళ్ల పరీక్షా కేంద్రం శేరిలింగంపల్లికి మారింది. మధ్యాహ్నం స్క్రిప్టులో చిరునామా మార్చి, రాత్రి ఇంటికెళ్లాక సైట్ తెరిచి చూసుకున్నాను. కొత్త చిరునామా శుభ్రంగా కనిపించింది.

రెండు రోజులకు ఒక ఫిర్యాదు వచ్చింది. ఎవరో పెద్దాయన పరగడుపున కొత్తగూడ వెళ్లి, మూసిన షట్టర్ చూసి తిరిగొచ్చారట. నేనే ఫోన్ చేశాను.

“నీ వెబ్‌సైట్ల కొత్తగూడ అనే ఉన్నది బిడ్డా,” అన్నారాయన.

“లేదండీ, శేరిలింగంపల్లి అని ఉంది. ఇప్పుడు నా ముందే ఉంది.”

“గిట్లెట్లయితది? నాకు కొత్తగూడ కనవడుతున్నది.”

ఫోన్‌లో పాత పేజీ దాగి ఉంటుందనుకున్నాను. దాన్నెలా తుడిచెయ్యాలో ఒక్కో మెట్టూ చెప్పాను. ఆయన బడిపిల్లాడిలా నేను చెప్పినవన్నీ చేసి, “ఇగ గూడ అదే ఉన్నది,” అన్నారు. పోన్లెమ్మని చిరునామా నోటితోనే చెప్పాను. కాగితం మీద రాసుకుని రెండుసార్లు చదివి వినిపించారు.

ఫోన్ పెట్టేశాక ఫైలు తెరిచి చూశాను. కొత్త చిరునామా. సైట్ చూశాను. కొత్త చిరునామా. పక్క సీటు అమ్మాయిని చూడమన్నాను. “కొత్తగూడ అనుందేంటి?” అంది. ఒకే పేజీ, పక్కపక్కన రెండు తెరల మీద రెండు ఊళ్లు. ఫైలును మళ్లీ సేవ్ చేశాను. ఏమీ మారలేదు. ఒక దశలో నేను మార్చిన ఫైలు ఇదేనా, నాకసలు మతి ఉందా అని కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు ఆటోలో వెళుతుంటే ఆయన నుంచి ఫోన్.

“బిడ్డా, కొత్తగూడల ఉన్న. షట్టర్ బంద్ ఉన్నది.”

“శేరిలింగంపల్లి అని రాసుకున్నారు కదండీ!”

“రాసుకున్న. మా కోడలు ఆమె ఫోన్ల చూసింది. కొత్తగూడ అనే ఉన్నది మామా, నువ్వే తప్పు రాసుకున్నవ్ అన్నది. ఆటో ఆమెనే బుక్ చేసింది. ఎవరి మాట వినాలె నేను?”

ఆటోను కొత్తగూడకు తిప్పించాను. ఆయన షట్టర్ ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా, చేతిలో నేను చెప్పగా రాసుకున్న కాగితం. రాత్రి నుంచీ ఏమీ తినలేదు, పెదవులు ఎండిపోయాయి. “జర కండ్లు తిరుగుతున్నయ్,” అన్నారు. ఆటో ఎక్కించుకుని శేరిలింగంపల్లి బయలుదేరాం.

దారిలో సర్వర్లు చూసే మా సీనియర్‌కు ఫోన్ చేశాను. అతనిది ఇక్కడి ఊరే. అంతా విని ఒక్కటే అడిగాడు: “ఫైలు మార్చినంక సర్వర్ రీస్టార్ట్ చేసినవా?”

“స్క్రిప్టుకు రీస్టార్ట్ ఎందుకన్నా? ఫైలు మారిస్తే చాలు కదా, ఇన్నేళ్లూ అలాగే చేశాం.”

“ఇన్నేండ్లు ప్రీలోడ్ లేకుండె. నువ్వే పెట్టినవ్. ఇప్పుడు అది ఫైల్ దిక్కు చూడనే చూడదు. ఆన్ అయినప్పుడు ఏం చదివిందో, బంద్ చేసేదాంక గదే చెప్తది.”

“మరి నాకు కొత్తది ఎందుకు కనిపిస్తోందన్నా?”

“మనయి రెండు సర్వర్లు గదా. మెమరీ పెంచనీకి నువ్వు ఫైల్ మార్చిన నాడే సాయంత్రం ఒకదాన్ని ఆపి మళ్ల ఆన్ చేసిన. రెండోది అట్లనే ఉన్నది. కొందరు దీనికి పోతరు, కొందరు దానికి పోతరు; ఒకసారి దేనికి పోతే మళ్ల దానికే. నీ కిస్మత్ కొద్దీ నీకు మంచిది దొరికింది.”

అర్థమైంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. పది నిమిషాల్లో రెండోదాన్నీ రీస్టార్ట్ చేశానని మెసేజ్ పెట్టాడు.

పెద్దాయన పరీక్షకు రక్తం ఇచ్చి, కింద బండి దగ్గర ఇడ్లీ తింటున్నప్పుడు చెప్పాను: “తప్పు నాదేనండీ. మీ ఫోన్‌ది కాదు, మీదీ కాదు. క్షమించండి.”

“నాకు యాది తప్పుతున్నదని ఇంట్ల పరేషాన్ అయితున్నరు బిడ్డా,” అన్నారాయన. “నిన్న రాత్రి కొడుకు గూడ అన్నడు, నాయిన్ని ఒక్కన్ని పంపొద్దని. నాకు మాఫీ గీఫీ ఏం వద్దు. గా ముచ్చట మా కోడలికి జెప్తవా?”

ఆయన ఫోన్ నుంచే మాట్లాడాను. ప్రీలోడూ సర్వర్లూ ఏమీ ఎత్తకుండా, “మీ మామయ్యగారు సరిగ్గానే రాసుకున్నారండీ. మా సైట్‌లోనే తప్పు చూపించింది,” అన్నాను.

“నేను ఆయన మీద గట్టిగ మాట్లాడిన మేడం,” అంది కోడలు. “తిన్నడా?”

“తింటున్నారండీ.”

“ఫోన్ ఆయనకియ్యండి.”

ఏం మాట్లాడుకున్నారో వినలేదు. నేను నీళ్ల సీసా కొనడానికి పక్కకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకో ప్లేటు చెప్పారు, నాకు.

మధ్యాహ్నం ఆఫీసులో జరిగినదంతా రాసి అందరికీ మెయిల్ పెట్టాను. ఫైలు మార్చినప్పుడల్లా రెండు సర్వర్లూ రీస్టార్ట్ చెయ్యాలన్న నియమం ఆ రోజునుంచే మొదలైంది. మేనేజరు కోప్పడలేదు. “వేగం మాత్రం తగ్గనివ్వకండి,” అన్నారు.

ఆ మూడు రోజుల్లో పాత పేజీ ఎంతమందికి వెళ్లిందో సర్వర్ రికార్డుల్లో చూడగలిగాను. వాళ్లలో ఎంతమంది నిజంగా కొత్తగూడ వెళ్లారో, ఎవరు ఎవరిని కసిరారో అందులో ఉండదు. మాకు ఫోన్ చేసింది ఒక్కరే. మిగతావాళ్లు తామే పొరబడ్డామనుకుని ఇంటికి వెళ్లిపోయారా? ఇప్పటికీ నాకు తెలియదు.