అందమనుకున్న మెల్లకన్ను

ఉరైవాన్ పంతులమ్మ కావడానికి ఇంకొక్క మెట్టే మిగిలింది. బ్యాంకాక్‌కి చాలా దూరంగా, లోయి కొండల్లోని ఒక చిన్న బడిలో ఏడాదిపాటు పాఠాలు చెప్పి రావాలి. కాలేజీలో ఆమెకు పాటలు, ఆటలు, పిల్లల మనసు అన్నీ నేర్పారు. కళ్ళ సంగతికి వచ్చేసరికి మాత్రం, బోర్డు కనపడని పిల్లను ముందు వరసలో కూర్చోబెట్టమన్నారు. అంతటితో సరి.

రెండో తరగతిలో ఖావ్‌ఫాంగ్ అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. ఎడమకన్ను ముక్కువైపు రవ్వంత ఒరిగి ఉండేది. ఆ ఊళ్ళో చిన్న మెల్ల లోపం కాదు, ముద్దు. బడిలో గురుపూజ చేసిన రోజు పూలపళ్ళెం పట్టుకుని అందరికంటే ముందు నడిచింది ఆ పిల్లే. దాన్ని పెంచుతున్న అమ్మమ్మ బువాలోయ్ ఒకసారి నసిగింది.

"టీచరమ్మా, ఇది తల పక్కకి వాల్చి చూస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళమంటావా?"

"ఎందుకమ్మమ్మా! ఆ చూపుకేగా ఊరంతా పడిపోతోంది. సినిమావాళ్ళు ఎత్తుకుపోతారు, జాగ్రత్త!"

కొత్త సంవత్సరం సెలవుల ముందు పిల్లలు కుండ పగలగొట్టే ఆట ఆడారు. ఖావ్‌ఫాంగ్‌కి గంతలు కట్టింది ఉరైవానే. రెండడుగులు వేసేసరికి గుడ్డ జారి ఎడమకన్ను ఒక్కటీ బయటపడింది.

"దొంగాట! దాని కన్ను తెరుచుకునే ఉంది!"

పిల్ల మాత్రం కర్ర ఎత్తుకుని కుండని వదిలేసి గోడవైపు నడుస్తోంది.

"చాల్లేవే నీ నటన!" అని పిల్లలు గోల పెట్టారు.

ఉరైవాన్ దాని ముందు వంగి చెయ్యి చూపించింది. "ఎన్ని వేళ్ళు?"

"వేళ్ళా? మీరెక్కడున్నారు టీచర్? అంతా పొగలా ఉంది."

ఉరైవాన్ మర్నాడే అమ్మమ్మనీ మనవరాలినీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మెల్లవల్ల వాడక లేక ఆ కన్ను పనిచెయ్యడం మానేసిందని డాక్టరు చెప్పాడు. కళ్ళజోడు పెట్టి, రోజూ కొన్ని గంటలు మంచి కన్ను మూసేస్తే, ఈ కన్ను మళ్ళీ పనికి అలవాటుపడి చూపు కొంతైనా తిరిగి రావచ్చు. ఇంకా ముందే రావలసిందన్నాడు.

ఇంటికి రాగానే బువాలోయ్ మండిపడింది. "బాగున్న కన్ను మూస్తారా? బంగారంలాంటి పిల్లని వికారం చేస్తారా? ముద్దుగా ఉందన్నది నువ్వే కదమ్మా!"

"నేనే అన్నాను అమ్మమ్మా, తెలియక అన్నాను. అది ముద్దు కాదు, చూపు పోతోంది." ఉరైవాన్‌కి సిగ్గుతో తల పైకి లేవలేదు.

ముసలామె మనవరాలి గడ్డం పట్టుకుని ఆ కంట్లోకి చూసింది. "దీని తల్లికీ అదే కన్ను మెల్ల," అంది. బ్యాంకాక్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు సుపిన్‌కి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, కుడికన్ను మూసుకుని చూడు. ఏం కనపడుతోంది?"

సుపిన్ పకపకా నవ్వింది. "అది మూస్తే ఇంకేం కనపడుతుందమ్మా? ఎవరికైనా చూసేది ఒక కన్నేగా, రెండోది అందానికి!"

బువాలోయ్ ఫోన్ పక్కన పెట్టి, మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, దాని కుడికంటికి ఆసుపత్రిలో ఇచ్చిన పట్టీ తన చేత్తోనే అంటించింది.