సుత్తి యంత్రం కింద శెనక్కాయ

యాభైల నాటి మాట. నేను పెళ్లయి బద్వేలుకు వచ్చిన కొత్త. మామయ్య కొలిమిలోని ఇనుము తీసి పట్టుకుంటే అత్తమ్మ సమ్మెటతో కొట్టేది. ఆమె భుజం పడిపోయాక మామయ్య ఎక్కడినుంచో తుప్పుపట్టిన పాత సుత్తి యంత్రం తెచ్చారు. ఏడాది కష్టపడి, అరిగిన భాగాలన్నీ స్వయంగా చేసి, ఆయిలింజనుకు బెల్టు తగిలించారు. కాలి కింద పెడలు ఎంత తొక్కితే సుత్తి అంత గట్టిగా కొట్టేది.

మొదటిరోజు, ఎంత మెల్లగా కొడుతుందో చూస్తానంటూ అత్తమ్మ దాని కింద శెనక్కాయ పట్టుకుని కూర్చుంది.

“చెయ్యి తియ్యే, నలిగిపోతాది!” అని మామయ్య అరిచారు.

“ముప్పై ఏండ్లు నా సమ్మెట కింద నువ్వు చెయ్యి పెట్టలేదా? ఈపొద్దు నా వంతు. తొక్కు!” అంది అత్తమ్మ.

మామయ్య పెడలు తొక్కారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పైతొక్క చిట్లింది, గింజలు నలగలేదు. అత్తమ్మ ఒకటి తిని, ఒకటి మామయ్య నోట్లో పెట్టింది.

మా ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా నాకా శెనక్కాయ గుర్తొస్తుంది.