జడ వేస్తూ విన్న మాట

ఆవిణ్ణి వీధిలో అందరూ సలహాలమ్మ అనేవారు. మొహం మీద కాదులెండి, వెనకాల. పిల్లల పెంపకం మీద ఓ వారపత్రికకి వ్యాసాలు రాసేది. ఉద్యోగమేం కాదు, అచ్చయితేనే డబ్బు, కాకపోతే గుండుసున్నా. ఇంటాయన ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఎండాకాలం ఊపిరాడని పని, చలికాలం ఈగలు తోలుకోవడం. అంచేత చలికాలమంతా ఇల్లు గడిచేది ఆవిడ రాతల మీదే.

మరి సరుకెక్కణ్ణించి వచ్చేదంటారా? కూతురి జడలోంచి! పొద్దున్నే పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, చిక్కు తీస్తూ, "ఊఁ, నిన్న బళ్లో ఏమైందే?" అని మొదలెట్టేది. రెండో జడకి రిబ్బను కట్టేసరికి వ్యాసం సగం తయారు. పిల్ల అలిగిందా, ఓ వ్యాసం. అబద్ధమాడిందా, ఇంకోటి. పదేళ్ల పిల్ల బతుకంతా అచ్చులో ఉంది, పేరొక్కటే లేదు.

ఈ చలికాలం ఎడిటరు ఫోన్ చేసి, "ఏంటమ్మా, మీ వ్యాసాల్లో పస తగ్గింది. ఇంట్లో జరిగినవి, చదివితే కళ్లు చెమర్చేవి కావాలి. లేదంటే ఆ పేజీ ఎవరో డాక్టరుగారు అడుగుతున్నారు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆవిడ గిన్నెల మీద కోపం తీర్చుకుంది. "మన పిల్లకేమో ఒక్క కష్టమూ రాదు, నేనేం రాసి చావను!" అంది మొగుడితో. పిల్ల పక్క గదిలో హోంవర్కు చేసుకుంటోంది.

మర్నాడు జడ వేస్తుంటే పిల్ల తనంతట తనే చెప్పింది. క్లాసులో ఓ రింగుల జుట్టు పిల్ల ఉందట. రోజూ ఈ పిల్ల అన్నం డబ్బా లాక్కుని చెత్తబుట్టలో బోర్లిస్తుందట. వింటుంటే ఆవిడ కడుపు రగిలిపోయింది. నిజం చెప్పొద్దూ, రాయడానికి చెయ్యి కూడా దురద పెట్టింది. పిల్లని దగ్గరకి తీసుకుని ఏడ్చింది, పిల్ల బడికెళ్లగానే కూర్చుని రాసేసింది. ముందు టీచర్ని అడుగుదామని తట్టలేదా? తట్టింది. కానీ అడిగితే గొడవ అక్కడే సర్దుమణుగుతుంది, ఇక వ్యాసంలో ఏం మిగుల్తుంది? అచ్చయ్యాక అడగొచ్చులే అనుకుంది.

వ్యాసం ఊరంతా పాకింది. బళ్లో టీచర్లూ చదివారు. వ్యాసంలో పేరు లేకపోయినా రింగుల జుట్టని ఉంది, ఆ క్లాసులో అలాంటి పిల్ల ఒక్కతే మరి.

ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ గది బయట రెండు బెంచీలు. ఒకదాని మీద సలహాలమ్మ, కూతురు. ఎదుటి దాని మీద రింగుల జుట్టు పిల్ల, వాళ్లమ్మ. ఆమె దర్జీ పని చేస్తుంది. మెళ్లో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చింది. లోపల తేలాల్సింది ఒక్కటే, ఆ పిల్లని బళ్లో ఉంచుతారా, పంపించేస్తారా అని.

"అక్కా, మా పిల్ల ఎవరి డబ్బా ముట్టుకోలేదు," అంది దర్జీ ఆమె. "ఒట్టేసి చెబుతోంది."

"పిల్లలన్నాక అలాగే చెప్తారమ్మా," అంది సలహాలమ్మ, పేజీలో రాసే గొంతుతోనే. "మనమే మెల్లిగా ఒప్పించాలి."

"చెయ్యని దాన్ని ఎలా ఒప్పించను?"

రింగుల జుట్టు పిల్ల తలెత్తలేదు. ఏడుపు అయిపోయి ఎక్కిళ్లు మిగిలాయి.

అంతలో ఎడిటరు ఫోన్. "రెండో భాగం రాసెయ్యండమ్మా! పొద్దున మీరన్నట్టు ఆ పిల్లని పంపించేస్తే అక్కణ్ణించే ఎత్తుకోండి." ఆయనది పెద్ద గొంతు. రెండు బెంచీలకీ వినపడింది. సలహాలమ్మ కూతురి మొహం పాలిపోయింది.

"అమ్మా, నీళ్లు తాగాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

వరండా చివర కుళాయిలున్నాయి. పిల్ల నీళ్లు తాగలేదు. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో, "తనేం చెయ్యలేదమ్మా," అంది.

"ఏంటే?"

"నా డబ్బా ఎవరూ పారెయ్యలేదు. నేనే కల్పించాను. నీకు రాయడానికి ఏం లేదన్నావుగా."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే! కొట్టాలా, కావలించుకోవాలా? ఇన్నాళ్లు రాసిన వ్యాసాల్లో ఒక్కటీ అక్కరకి రాలేదు. దాచడం దేనికి, ముందు తోచింది నోరు మూసుకోవడమే. పిల్లల మధ్య మాట, ఎవరొచ్చి తేలుస్తారు? పేజీ పోతే చలికాలం గడిచేదెలా? "రండమ్మా, పిలుస్తున్నారు," అని ప్యూన్ కేకేశాడు. తిరిగి చూస్తే దర్జీ ఆమె వంగి, "నేనున్నా కదే," అంటూ కూతురి ముక్కు తుడుస్తోంది.

సలహాలమ్మ లోపలికెళ్లి, కూర్చోకుండానే చెప్పేసింది. "నేను రాసింది అబద్ధమండీ. కనుక్కోకుండా రాసి అమ్ముకున్నాను. ఈ పిల్లది ఏ తప్పూ లేదు, తప్పంతా నాది. పత్రికలోనూ అదే రాస్తాను." దర్జీ ఆమె తన పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

బయటికొచ్చి ఎడిటరుకీ చెప్పింది. ఆయన, "సవరణ వేస్తాం. ఇక మీరు రాయక్కర్లేదమ్మా," అన్నాడు.

తల్లీకూతుళ్లు ఇంటిదారి పట్టారు. సగం దూరం వెళ్లాక ఆవిడ, "పోనీలే. నీకు బళ్లో ఏ బాధా లేదుగా, అదే పదివేలు," అంది.

పిల్ల తల దించుకుని దారిలో రాయిని తన్నింది.

"ఉందా?"

"ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నిజమైనవి నాన్నకి చెప్తానమ్మా," అంది పిల్ల, తల్లిని ఓదారుస్తున్నట్టు. "నాన్న ఎవరికీ చెప్పడు."

పేజీ పోయినప్పుడు రాని ఏడుపు ఆవిడకి అప్పుడొచ్చింది. అదేంటో చెప్పమని అడగడానికి నోరు రాలేదు.