జమేదారు జాగాకు ట్రేడ్ టెస్టు

జమేదారు కన్నుమూసిన తరువాత గల్ఫులో సిత్రా కూలీల క్యాంపులోని లింబాద్రి గదివాళ్లకు పనిబస్సు తరచుగా తప్పిపోసాగింది. జమేదారు మనిషి కాదు. పిల్లగా ఉన్నప్పుడు చమురు ట్యాంకుల నీడన దొరికి, లింబాద్రి చేతిరొట్టె తిని పెరిగిన గోధుమరంగు ఎడారికుక్క. భైరవస్వామి తన వాహనానికి ఏ విద్య అనుగ్రహించాడో గాని, వేకువన ఆ సందులోకి బారులుతీరే బస్సులన్నింటిలోనూ తమ బస్సు ఏదో దాని చెవికి తెలిసేది. పరాయి కంపెనీల బస్సులు ఎన్ని గర్జించినా అది కన్ను విప్పేది కాదు. పోశన్న నడిపే బస్సు మలుపు తిరగడమే ఆలస్యం, లేచి గడపమీద నిలిచి గదికంతటికీ మేలుకొలుపు పాడేది. అలారం గడియారాల గొంతు నొక్కి మళ్లీ ముసుగుతన్నే మహానుభావులకు ఆ గొంతు నొక్కడం మాత్రం చేతకాలేదు.

లింబాద్రి ఆర్మూరు ప్రాంతంవాడు. కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పని అతనిది. సహజంగా మితభాషి, ఆ మితమైన మాటల్లోనూ సగం కుక్కతోనే మాట్లాడేవాడు. అది పోయాక ఆ సగం కూడా ఆగిపోయింది. గడపపక్కనున్న దాని నీళ్లగిన్నెను మాత్రం ఎవరినీ తీయనివ్వలేదు.

ఇంకొక్కసారి బస్సు తప్పితే గది విడగొట్టి, తలా ఒక క్యాంపుకు తోలుతానని ఫోర్‌మన్ తేల్చి చెప్పాడు. ఆ సాయంత్రం గదిపెద్ద లచ్చన్న సభ తీర్చాడు.

“ఎవడన్న ఇంటికి పోతె వాని జాగల ఇంకొకన్ని వెట్టిపోవాలె. దుబాయి రివాజది. జమేదారు నీ మనిషాయె, లింబాద్రీ. జాగ నువ్వే నింపాలె.”

“అది సెలవు మీద పోలే కాకా. సచ్చిపోయింది.”

“గందుకే అంటున్న. సెలవు మీద పోతె తిరిగొస్తుండె గద.”

లింబాద్రికి మరో కుక్క వద్దు. కాని ఇన్నేళ్లు ఒకే కుండలో వండుకుతిన్న ఆ గది చెదరడం అంతకన్నా వద్దు. అతడు తల ఊపాడు.

ఏ జాతి కుక్క కావాలన్నదానిపై గది రెండుగా చీలింది. పోలీసుల దగ్గరుండే ఆల్సేషియన్ అన్నారు కొందరు. నిజామాబాదు సేట్ల ఇళ్లలో ఉండే బొచ్చుకుక్క అన్నారు మరికొందరు. లచ్చన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

“మనం బొంబాయిల పని జేసి సూపెట్టినంకనే గద విమానమెక్కింది. దీనికి గూడ ట్రేడ్ టెస్టు వెడదాం.”

కుక్కలను సమకూర్చే భారం అజ్మత్ భాయ్ మీద పడింది. అతడు హైదరాబాదువాడు, చమురు కంపెనీ దొరలుండే అవాలిలో ఒక ఇంటి డ్రైవరు. ఉద్యోగం ముగించుకుని స్వదేశం వెళ్లే కుటుంబాలు ఏ కుక్కను ఎవరికి వదిలిపోవాలా అని వెతుకుతున్న సంగతి అతనికి తెలుసు. శుక్రవారం ఉదయం పికప్ వెనుక మూడు కుక్కలతో దిగాడు.

“అన్నీ ఖాందానీ సరుకు. పరేషాన్ గాకుండ్రి,” అన్నాడు, అచ్చం రిక్రూటింగ్ ఏజెంటులాగే.

ముందుగా మెడికల్. లచ్చన్న ఆల్సేషియన్ ఎదుట గొంతుక్కూర్చుని, “దమ్ము తీస్కో,” అన్నాడు. అది అతన్ని చూసింది. లచ్చన్నే దమ్ము తీసుకుని, ఫిట్ అని ప్రకటించి లేచాడు.

సెలవునాడైనా బజారుకు వెళ్లే బస్సులు సందులో తిరుగుతూనే ఉన్నాయి. వాటి నడుమ పోశన్న తన బస్సు తెస్తాడు, దానికొక్కదానికే మొరగాలి. ఇదీ పరీక్ష.

ఆల్సేషియన్ ఏ బస్సుకూ మొరగలేదు. పోశన్న బస్సు ఆగగానే గంభీరంగా మెట్లెక్కి డ్రైవరు వెనుక సీట్లో ఆసీనమైంది. “దీన్ని దింపుండ్రి. నా మెడకాయనే సూస్తుంది,” అని పోశన్న తల తిప్పకుండానే మొరపెట్టుకున్నాడు.

రెండవది సలూకీ, వేటలో పేరుమోసిన అరబ్బు కుక్క. బస్సులవంక చూడడమే తన వంశానికి చిన్నతనమన్నట్లు నిలబడింది. గాలికి ఒక ప్లాస్టిక్ సంచి ఎగరగానే దాని వెంట సముద్రం దిక్కుగా బాణంలా పోయింది. దాని వెంట అజ్మత్ భాయ్ పికప్ పోయింది.

వాళ్లు తిరిగివచ్చాక మిగిలింది పొమెరేనియన్. ఎండలకని బొచ్చు కత్తిరించడంతో ఉన్ని తీసిన గొర్రెపిల్లలా ఉంది, కాళ్లు వణుకుతున్నాయి. మొదటి బస్సుకు మొరిగింది. రెండవ దానికి మొరిగింది. నీళ్ల ట్యాంకరుకు, సైకిలుకు, చివరికి లచ్చన్న దగ్గుకు కూడా మొరిగింది.

“ఫెయిల్,” అన్నాడు లచ్చన్న.

“ఖలాస్. వాపస్ తీస్కపోత,” అన్నాడు అజ్మత్.

లింబాద్రి ఆ వణికే కాళ్లనే చూస్తున్నాడు. బొంబాయి పరీక్షలో అతడు బిగించిన అచ్చు ఒక పక్కకు ఒరిగిపోయినప్పుడు తన కాళ్లూ ఇలాగే వణికాయి. పరీక్ష పెట్టినవాడు ఆ అచ్చును బూటుకాలితో నిలబెట్టి, అక్కడికి పోయి నేర్చుకో అని ముందుకు తోశాడు.

“నా అచ్చు గూడ ఒరిగింది కాకా,” అన్నాడు లింబాద్రి. “నేర్సుకుంటడని తోలిండ్రు. ఇది గూడ నేర్సుకుంటది. ఉండనీ.”

జమేదారు పోయిన తరువాత అతడు అన్ని మాటలు కలిపి మాట్లాడడం అదే మొదలు. లచ్చన్న కాదనలేకపోయాడు.

మరునాడు తెల్లవారుతుండగా ఎవరిదో పరాయి కంపెనీ బస్సు సందులోకి వచ్చింది. పొమెరేనియన్ గది ఎగిరిపోయేటట్లు మొరిగింది. అందరూ తిట్టుకుంటూ లేచారు. మళ్లీ పడుకోబోతే ఇంకో బస్సు. ముఖాలు కడిగారు, మరో బస్సు. చాయ్ తాగారు, మరో బస్సు. సద్దిడబ్బాలు పట్టుకుని సందులో వరుసగా నిలబడ్డారు. చిట్టచివరికి పోశన్న బస్సు మలుపు తిరిగింది.

గడపమీద చడీచప్పుడూ లేదు. మొరిగి మొరిగి సొలసిన పొమెరేనియన్ జమేదారు గిన్నెలోని నీళ్లన్నీ తాగి, దాని అంచుమీద గడ్డం ఆనించి గాఢనిద్రలో ఉంది.

లచ్చన్న కుక్కను చూశాడు, బస్సును చూశాడు. “టెస్టు పాసే అయింది రా. జమేదారు మన బస్సుకొక్కదానికే మొరుగుతుండె. ఇది మన బస్సుకొక్కదానికే మొరగది.”

లింబాద్రి వెనక్కి వెళ్లి, గిన్నెలో మళ్లీ నీళ్లు నింపి వచ్చాడు.

“జర మెల్లగ మాట్లాడుండ్రి,” అన్నాడు బస్సెక్కుతూ. “దాని డ్యూటీ అయిపోయింది.”