సీసం ముట్టిన చేత్తో ఒగ్గాని

మూడేళ్ళ క్రితం వేసవిలో నాకు ఆదోనిలో డ్యూటీ పడింది. ఊరూరా తిరిగే ఆహార పరీక్షల వ్యాన్‌లో కాంట్రాక్టు టెక్నీషియన్‌ని. హోదాలో నాకంటే కిందున్నది డ్రైవరొక్కడే, అనుభవంలో ఆయనా పైనే. ఒప్పందం గడువు తీరి ఇరవై తొమ్మిదో ఏటనే మాజీ ఉద్యోగినయ్యాను కాబట్టి ఇది రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

ఫిర్యాదు ఎమ్మిగనూరు రంగప్పది. మర్నాడు ఆయన కూతురి పెళ్ళి. వంట గుండిగలకు కళాయి పూయమని తగరం కడ్డీలు తానే చవగ్గా కొనిస్తే, కళాయి వేసే ఖాసిం సాబ్ అవి సీసమని పని ఆపేశాడట. నిజంగా సీసమైతే ఆ పూత పెళ్ళి భోజనంలోకి దిగుతుంది. తేల్చాల్సింది నేను.

నేను తేల్చలేదు, ఉపన్యసించాను. ముట్టుకోకూడనివి: సోడియం, పొటాషియం, తెల్ల భాస్వరం. నోట పెట్టకూడనివి: సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, థాలియం. థాలియం రెండు వరుసల్లోనూ ఉండాలని సవరణ కూడా చెప్పాను. ఇదంతా ఆ కడ్డీలను చేతుల్లో తిప్పుతూనే. వ్యాన్‌లోని కిట్ పాలకూ నూనెలకూ మాత్రమే పనికొస్తుంది. లోహపు నమూనా పెద్ద ల్యాబ్‌కు పోవాలి, ఫలితానికి వారం పడుతుంది. ఆ మాట చెప్పే ధైర్యం లేక, రంగప్ప తెప్పించిన ఒగ్గాని పొట్లం విప్పి ఆ తాలింపు బొరుగులు పిడికిట్లోకి తీసుకున్నాను.

ఖాసిం సాబ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

“సీసం నోట్లో పెట్టగూడదని ఇప్పుడేగదప్పా సెప్తివి? ఆ చేత్తోనే తింటాండావే! పో, సబ్బు ఆడుంది.”

“సార్‌కు సదువంతా తలకాయలోనే ఉండాది సాబూ, చేతుల్లోకి దిగలేదు,” అని రంగప్ప పగలబడి నవ్వాడు.

కడుక్కుని వచ్చాక ఖాసిం సాబ్ తన తగరం కడ్డీని నా చెవి దగ్గర వంచాడు. కిర్రుమంది. తర్వాత రంగప్ప కొన్న కడ్డీని వంచాడు. చప్పుడు లేకుండా వంగింది, కాగితం మీద గీస్తే పెన్సిల్‌లా గీత పడింది. తగరాన్ని వంచితే లోపలి స్ఫటికాలు కదిలి చప్పుడవుతుందని నేను చదివాను. పరీక్షలో రెండు మార్కులకు రాశాను కూడా.

రంగప్ప నవ్వు ఆగింది. “ఇది నాకు పొద్దున్నే సూపిచ్చింటే అయిపోయేది గదా?”

“సూపిస్తి. నీకు నా మాట పట్టలేదు, బోర్డున్న బండి కావాల్సొచ్చె.”

రంగప్ప బజారుకు పోయి వేరే తగరం తెచ్చాడు. సాయంత్రానికి గుండిగలు తెల్లగా మెరిశాయి. పాత కడ్డీల్లో ఒకటి సీలు వేసి ల్యాబ్‌కు పంపాను. పెళ్ళయిన వారానికి నివేదిక వచ్చింది: అధికభాగం సీసం.

ప్రమాదకరమైనవి ఏవో తెలియడం ఒక పని, ఎదుట ఉన్నది అదో కాదో పోల్చుకోవడం ఇంకో పని. రెండోది రానివాడు వచ్చినవాణ్ణి ముందే అడగాలి. నేను అడగలేదు, ఆయనే చూపించాడు. నివేదికలో ‘ప్రాథమిక పరిశీలన జరిపినవారు’ అన్న గడిలో మాత్రం నా సంతకమే ఉంది.