బాలమణి కూర్చునే సీటు

హనుమంతు సినిమా కార్లకు డెంటర్. అంటే సొట్టలు తీసి, తుప్పు కప్పి, రంగు కొట్టే మేస్త్రి. ఫిల్మ్‌నగర్‌లో ఎవరు పాతకాలం కథ మొదలుపెట్టినా ముందు అతనికే ఫోన్ వెళ్తుంది. తుక్కు దుకాణం నుంచి తెచ్చిన బండిని నాలుగు రోజుల్లో పెళ్లికొడుకును చేస్తాడు. కెమెరా ముందు అది నలభై అడుగులు కదిలితే చాలు. ఆ తర్వాత దాని చావు అది చస్తుంది.

నేను కళా విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. అతనికి పని చెప్పేది నేనే, ఆ పని నేర్పింది కూడా సగం నేనే. వచ్చిన కొత్తలో ఒకసారి అంబాసిడర్ అడుగు రేకంతా కోసేసి, కొత్త రేకు అతుకుతూ కూర్చున్నాడు. అవతల షాటు రెడీ, డైరెక్టరు చిందులు. నాకు ఒళ్లు మండింది. "కెమెరా ఏమన్నా కారు కిందకి దూరి చూస్తుందా హనుమంతూ? ఫైబర్ అతికించు, పుట్టీ పెట్టు, నల్ల రంగు కొట్టు, అయిపోయింది" అని యూనిట్ అందరి ముందూ తిట్టాను. తల ఊపాడు. మళ్లీ నా చేత ఆ మాట అనిపించుకోలేదు. ఆ తర్వాత అతనంత త్వరగా పని తేల్చేవాడు ఇంకొకడు లేడని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.

అతని భార్య బాలమణి జూబ్లీ హిల్స్‌లో శ్యామలాదేవి గారింట్లో వంట చేసేది. వాళ్లుండే బస్తీ గుట్ట దిగువన, ఆ ఇల్లు గుట్ట మీద. పద్దెనిమిదేళ్లు ఎక్కి దిగేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. బైకు మీదికి కాలు లేవదు. ఆటోలో ముడుచుకుని కూర్చుంటే దిగేటప్పుడు ఏడుపొచ్చేది. డాక్టరు గుట్ట ఎక్కవద్దని తేల్చి చెప్పాడు. మానేసి ఇంట్లో కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కాదు. ఆ వంటింట్లో ఆమె మాటే చెల్లుబాటు. ఇంగువ ఎక్కడుందో తెలియాలంటే శ్యామలాదేవి గారైనా ఆమెనే అడగాలి. నడక ఆగితే ఆ ఒక్క పెత్తనమూ పోతుంది.

అదే సమయంలో సూర్యప్రకాశరావు గారని ఒక పాత నిర్మాత, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టిస్తున్నారు. ఆయన షెడ్డులో పందికొక్కులు కాపురం పెట్టిన ఫియట్ ఒకటుంది. కావాలంటే తీసుకుపొమ్మన్నారు. హనుమంతు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చి, తన ఇంటి ముందు రేకుల పందిరి కింద నిలబెట్టాడు. రోజూ పొద్దున బాలమణిని గుట్ట మీద దింపాలి. అంతే అతని ఆలోచన.

ఇరవై నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె ఆ ఆటోలోనే ఏడుస్తూ వెళ్లొచ్చింది. ఇంజన్ విప్పి, ప్రతి ముక్కా కడిగి బిగించాడు. బ్రేకులు కొత్తవి వేశాడు. నేను ఎప్పుడు వెళ్లినా కాళ్లు బయట, మనిషి బండి కింద. "నా మోకాళ్లకన్న దానికే ఎక్వ నూనె రాస్తుండు సార్" అని బాలమణి నవ్వేది. డ్రైవరు పక్కన ఫియట్ సీటు మరీ కిందికి ఉందని, దాన్ని పీకేసి ఒక పెద్ద కారు సీటు తెచ్చాడు. పట్టాల మీద బాగా వెనక్కి జరిగేలా, ఆమె కాళ్లు చాపుకుని కూర్చునేలా మార్చి బిగించాడు. మీగడ రంగు వేశాడు. కింద పరిచిన కొత్త మ్యాటు చూసి నేనే మెచ్చుకున్నాను.

ఒక గురువారం పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు. నేనూ వెనకాల నా బండి మీద ఉన్నాను. బాలమణి కొత్త చీర కట్టుకుని, అద్దం దించి చెయ్యి బయటపెట్టి బస్తీ అంతటికీ ఊపింది. గుట్ట మీదికి ఎక్కారు. శ్యామలాదేవి గారి వీధి మలుపులో ఒక కుక్క అడ్డం వచ్చింది. బాలమణి కేక పెట్టింది. హనుమంతు బ్రేకు తొక్కాడు. కారు ఉన్నచోటే ఆగింది, బ్రేకులు అంత బాగా చేశాడు. సీటు ఆగలేదు. పట్టాలతో సహా ఊడి, ఆమెను ముందుకు విసిరి, ఆమె మీదే పడింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇక లేచి నడవడం కష్టమన్నారు.

కారును మళ్లీ పందిరి కిందికి తెచ్చాక నేను ఆ మ్యాటు ఎత్తి చూశాను. అడుగు రేకులో తుప్పు తిన్న కన్నం, దాని మీద ఫైబర్ పట్టీ, పుట్టీ, నల్ల రంగు. పట్టాల బోల్టులు వాటినే పట్టుకుని లేచొచ్చాయి. హనుమంతు నా పక్కనే కూలబడ్డాడు.

"ఇంజన్ నిజంగ చేసిన సార్. బ్రేకులు నిజంగ చేసిన. కింద రేకు కాడికొచ్చేసరికి చెయ్యి గట్లనే పోయింది" అన్నాడు.

ఆ చేతికి ఆ అలవాటు ఎవరు చేశారో ఇద్దరికీ తెలుసు. అతను అనలేదు. అనేసినా నాకు కాస్త ఊపిరాడేది.

నెలన్నర తర్వాత చూడ్డానికి వెళ్లాను. బాలమణి మంచం మీద సగం ఆనుకుని ఉంది. హనుమంతు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. శ్యామలాదేవి గారు వేరే వంటమనిషిని పెట్టుకున్నారట. ఆ సంగతి బాలమణే చెప్పింది, ఎవరినీ ఏమీ అనకుండా. తర్వాత గొంతు తగ్గించింది.

"తప్పు నాదే సార్. కుక్కను జూసి ఒర్రిన. గాయన బెదిరి బ్రేక్ కొట్టిండు. ఇరవై నెలలు పాణం పెట్టి చేసిండు, ఒక్క దినం గూడ నడవనియ్యకపోతి. మాఫ్ చెయ్యమని దినాం అడుగుతున్న, మాట్లాడడు. జర మీరన్న చెప్పుండ్రి సార్, కోపం ఇడువమని."

సీటు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. హనుమంతు తలెత్తి నా వైపు చూశాడు. అతను నోరు విప్పుతాడేమోనని మొదటిసారి నాకు భయం వేసింది. ఆ భయానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"కోపమేం లేదమ్మా" అన్నాను. "అతనికి నీ మీద కోపం లేదు."

హనుమంతు లేచి బయటికి వెళ్లిపోయాడు. బాలమణి రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది.